చిల్లుల కుండీ

జనవరి 6

అమ్మాయికి,

ముందు పాత సంగతి ఒకటి తేల్చుకోవాలి. మీరు కొత్తగా కాపురం పెట్టిన ఇంట్లో వంటగది కొళాయి కారితే నువ్వు బయటి ప్లంబరును పిలిపించావు. ఈ ఊళ్ళో సగం ఇళ్ళకు పైపులు వేసినవాణ్ణి నేను. సొంత మామను నేనుండగా, ముక్కూ మొహం తెలియనివాడెవడో వచ్చి నా కొడుకు ఇంట్లో వాషరు మార్చిపోయాడు. అదీ తిరగేసి బిగించాడు. ఆ తర్వాత మీ ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ కొళాయి కింద చేతులు కడుక్కుంటూ పళ్ళు కొరుక్కున్నాను. ఏళ్ళు గడిచాయి. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, నువ్వు మళ్ళీ అలాంటి పనే చేశావు.

నిన్న బస్సు డ్రైవరు వచ్చి తలుపు కొట్టి ఒక అట్టపెట్టె చేతిలో పెట్టాడు. "పెద్దాయనా, జాగ్రత్త, లోపల ప్రాణం ఉంది" అన్నాడు. కోడిపిల్ల అనుకున్నాను. విప్పితే నా కొడుకు, మా మొద్దుగాడి ఆర్కిడ్ మొక్క. పువ్వు లేదు, మొగ్గ లేదు. నాలుగు ఆకులున్నాయి, అవీ ఆయాసపడే కుక్క నాలుకల్లా వేలాడుతున్నాయి. నీ చీటీలో రెండే మాటలు. ఇది మీ దగ్గర ఉంచండి, నా కొత్త గదిలో వెలుతురు లేదు.

వాడు పోయి రెండేళ్ళు. మొదట వాడి సైకిలు ఎవరికో ఇచ్చేశావు. తర్వాత చొక్కాలు. ఇప్పుడు ఇది. వాడి వస్తువులు ఒక్కొక్కటే గుమ్మం దాటిస్తున్నావు. అడిగే హక్కు నాకుందో లేదో తెలియదు. అందుకని అడగటం లేదు, రాస్తున్నానంతే. వాడు చెయ్యి వేసి పెంచినవాటిలో ఊపిరి ఉన్నది ఇదొక్కటే మిగిలింది. అది కూడా నీకు బరువైందా అని మాత్రం అనిపించింది.

ఫోను చేయకు. బతుకంతా ఇనుప గొట్టాల పక్కన సుత్తి దెబ్బలు విన్న చెవులు నావి. ఫోనులో నీ మాట నాకు చీమ దగ్గినట్టు ఉంటుంది. కాగితం మీద రాయి. అక్షరాలు పెద్దవిగా రాయి. కూడబలుక్కుని చదువుతాను, కాని చదువుతాను.

మొక్క గురించి దిగులు పడకు. పెట్టెలోంచి తీయగానే దాని జబ్బేమిటో పట్టేశాను. కుండీకి అడుగున చిల్లులు, పక్కల చిల్లులు. పోసిన నీళ్ళు పోసినట్టే కిటికీ గట్టు మీదికి కారిపోతున్నాయి. అట్లా కారితే మొక్క ఎండక ఏం చేస్తుంది. ఆ కుండీ చేసినవాడు పనివాడు కాడు. లీకులు కట్టే ముద్ద పిసికి అన్ని చిల్లులూ మూసేశాను. బాగా ఆరనిచ్చి నిండా నీళ్ళు పోశాను. ఒక్క చుక్క బయటికి రాలేదు. వేళ్ళు కొన్ని సిగ్గూ ఎగ్గూ లేకుండా కుండీ బయటికి వేలాడుతుంటే వాటినీ లోపలికి తోసి, పైన మట్టి వేసి అదిమాను.

ఇక దాని సంగతి నేను చూసుకుంటాను. నువ్వు వేళకు తింటున్నావో లేదో అది రాయి.

ఉంటాను,
మామ


జనవరి 15

మామయ్యగారికి నమస్కారం.

మీ ఉత్తరం ఆలస్యమై ఇవాళే అందింది. చెప్పులు కూడా విప్పకుండా జవాబు రాస్తున్నాను. ఇది మీకు చేరడానికి ఇంకో నాలుగైదు రోజులు పడుతుంది కదా, ఆ లోపల ఏమవుతుందోనని భయంగా ఉంది. అందుకే ముందు మొక్క సంగతి.

కుండీ చిల్లులు దయచేసి వెంటనే తెరిచేయండి. అవి పనితనం లేక పెట్టినవి కావు, కావాలనే పెట్టినవి. ఈ మొక్క మట్టిలో పెరిగేది కాదు మామయ్యా. అడవిలో చెట్ల కొమ్మలను పట్టుకుని గాలిలో వేళ్ళు వదిలి బతికే రకం. వేళ్ళకు గాలి ఆడాలి. నీళ్ళు నిలిస్తే కుళ్ళిపోతాయి. బయటికి వేలాడేవి కూడా దాని మంచి వేళ్ళే. మట్టి తీసేసి మొక్కను బయటికి లాగి కడగండి. ఒక్కొక్క వేరునూ చేతివేళ్ళ మధ్య పట్టి నొక్కి చూడండి. గట్టిగా ఉన్నది ఉంచండి. మెత్తబడి నీళ్ళు కారేది కత్తిరించండి. కత్తెరను ముందు మంట మీద కాల్చండి. కోసిన చోట దాల్చినచెక్క పొడి అద్దండి. తర్వాత చెట్టు బెరడు ముక్కల మధ్య వదులుగా నిలబెట్టండి. ఇదంతా నాకు తెలిసి రాస్తున్నది కాదు. ఇక్కడ ఒకాయన చెప్పారు. ఆయనకు ఈ మొక్కల సంగతి బాగా తెలుసు.

కొళాయి సంగతి. ఆ రోజు ప్లంబరును పిలిపించింది నేను కాదు, మీ అబ్బాయి. అప్పుడు మీ మోకాలు వాచి ఉంది. లిఫ్టు లేని ఇల్లు. "చెబితే నాన్న సంచీ భుజాన వేసుకుని అన్ని మెట్లూ ఎక్కి వస్తాడు, చెప్పావో ఊరుకోను" అన్నారు. మీకు తెలియకూడదని నా దగ్గర మాట తీసుకున్నారు. ఇప్పుడు చెప్పినా ఆయన ఏమీ అనుకోరనుకుంటాను.

సైకిలు మా ఆసుపత్రి ల్యాబు వాచ్‌మన్‌కు ఇచ్చాను. మెట్ల కింద తుప్పు పడుతుంటే చూడలేక ఇచ్చాను. చొక్కాలన్నీ ఇవ్వలేదు. గళ్ళ చొక్కా ఉంచుకున్నాను.

మొక్కను వదిలించుకోవడానికి పంపలేదు. నా గదికి ఉన్నది ఒక్కటే కిటికీ. తెరిస్తే చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో పక్క బిల్డింగు గోడ. రోజూ సాయంత్రం ల్యాబునుంచి వచ్చి ముందు దాని దగ్గరికే వెళ్ళేదాన్ని. ఆకులు ఒక్కొక్కటే పండి రాలుతున్నాయి. దాన్ని పారేయలేను, ఎదురుగా పెట్టుకుని పోగొట్టుకోలేను. మీ ముందుగదిలో తూర్పు కిటికీ గుర్తొచ్చింది.

తింటున్నాను. మీరూ రాత్రిపూట బిస్కెట్లతో సరిపెట్టుకోకండి. సగం తిన్న బిస్కెట్ పొట్లాలు మీ దిండు కింద ఉంటాయని నాకు తెలుసు.

మీ కోడలు


జనవరి 24

అమ్మాయికి,

నీ ఉత్తరం వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

అంతకు ముందే ముందుగదిలో మురుగు వాసన మొదలైంది. బాత్రూం డ్రైను అనుకున్నాను. జాలీ ఊడదీసి, చెయ్యి పెట్టి కెలికి, కడిగి, మళ్ళీ బిగించాను. వాసన పోలేదు. వంటగది సింకు కింద గొట్టం విప్పాను. పోలేదు. మూడిళ్ళ అవతలున్న మ్యాన్‌హోలు మూత కూడా ఎత్తించాను. చివరికి కిటికీ దగ్గర నిలబడి తుమ్ముదామని వంగితే తెలిసింది, వాసన కుండీలోంచి వస్తోందని. మురుగు వాసన ఎక్కడినుంచి వస్తోందో పోల్చుకోలేని ప్లంబరును లోకంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

చిల్లులు తెరవమన్నావు. తెరవలేకపోయాను. నేను పెట్టిన ముద్ద ఊడదు. ఉలి పెట్టాను, స్క్రూడ్రైవరు పెట్టాను. చివరికి కుండీనే రంపం బ్లేడుతో చీల్చాను. వేళ్ళు నల్లగా, తడిసిన బూటు లేసుల్లా ఉన్నాయి. నొక్కితే చితికిపోయి గోధుమరంగు నీళ్ళు కారాయి.

పక్కింటి దర్జీ కత్తెర ఇవ్వనన్నాడు. "గుడ్డలు కోసే కత్తెర మంట మీద పెడతావా బాబాయ్, ముందు నన్ను పెట్టు" అన్నాడు. తర్వాత మనసొప్పక తనే పాత కత్తెరొకటి తెచ్చుకుని వచ్చి కూర్చున్నాడు. నేను నొక్కి చూశాను, అతను కోశాడు.

"ఇది?"

"కొయ్యి."

"ఇదీ?"

"కొయ్యి."

"ఇంకేం మిగిలింది బాబాయ్, చొక్కా అంతా పోయింది, కాలరొక్కటే ఉంది."

నిజమే. రెండు వేళ్ళు మిగిలాయి. నాలుగు ఆకుల్లో ఒకటి మా చేతుల్లోనే ఊడిపోయింది. దర్జీ నవ్వడం ఆపేశాడు. అతను నవ్వు ఆపితే సంగతి మంచిగా లేదని అర్థం.

కలప అడితికి పోయి బెరడు ముక్కలు ఏరుకొచ్చాను. కొత్త కుండీ కొందామంటే దుకాణంలో ఉన్నవేవీ నాకు నచ్చలేదు. డ్రైను మీద వేసే ఇనుప జాలీ వంచి నేనే ఒక బుట్ట చేశాను. ఇప్పుడు దానికి చిల్లులు తప్ప ఇంకేమీ లేవు. చాలా?

కొళాయి తప్పు వాడి మీదికి తోశావు. జవాబు చెప్పుకోలేనివాడి మీదికి తోయడం తేలికే. నాకు చెప్పకుండా వాడు గుండీ కూడా మార్చేవాడు కాదు. ఆ మాట ఇక ఎత్తకు.

నీకు మొక్క సంగతి చెప్పినాయన తోటమాలి అయ్యుంటాడు. అతన్ని అడిగి రాయి. రెండు వేళ్ళతో ఇది బతుకుతుందా, బతకదా. నీళ్ళు ఎంత, ఎప్పుడు, ఏ గ్లాసుతో. చూసుకుని పొయ్యి అని రాయకు. చూసుకునే కళ్ళు నాకున్నట్టయితే ఇంతదూరం వచ్చేది కాదు.

మామ


ఫిబ్రవరి 2

మామయ్యగారికి నమస్కారం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మ్యాన్‌హోలు దగ్గర నవ్వాను, వేళ్ళ దగ్గర నవ్వలేకపోయాను. మొక్కల సంగతి తెలిసిన ఆయనకూ చదివి వినిపించాను. కాలరొక్కటే మిగలడం మంచి లక్షణం కాదన్నారు. కాని రెండు వేళ్ళతో లేచి నిలబడ్డవి ఉన్నాయట. తన చేతుల్లో నాలుగు మొక్కలు చచ్చాకగాని తనకు తెలిసిరాలేదని కూడా అన్నారు. మొదటిదాన్ని ఆయనా నీళ్ళలోనే ముంచారట. మిమ్మల్ని ఎక్కువ దిగులు పడవద్దని చెప్పమన్నారు.

నీళ్ళ సంగతి. గ్లాసు లెక్క లేదట. ఇప్పుడు వేళ్ళు తాగలేవు కాబట్టి పోసి లాభం లేదు. చుట్టూ గాలిలో చెమ్మ ఉండాలి. తడి తగలాలి, కాని తడవకూడదు. ఆకుల మొదట్లో నీటిచుక్క నిలవనివ్వకండి. ఎండ సూటిగా పడకుండా కిటికీకి పల్చటి గుడ్డ కట్టండి. ఇంతకుమించి చేయగలిగింది లేదట, ఎదురుచూడటమే.

కొళాయి విషయం ఇక ఎత్తను. నేనే పిలిపించానని అనుకోండి.

మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీరు రోజంతా ఆ కిటికీ దగ్గరే ఉంటున్నట్టుంది. అది నాకు బాగా లేదు. చేయాల్సిందానికి మించి చేశారు. పోయేదైతే పోనివ్వండి మామయ్యా. పోయినదాన్నే పట్టుకుని కూర్చుంటే ఉన్నవాళ్ళం ఏమైపోతాం?

మీతో ఒక సంగతి చెప్పాలి. ఇవాళ రాద్దామనే కూర్చున్నాను. చెయ్యి రావడం లేదు. మొక్క కొంచెం తేరుకున్నాక రాస్తాను.

మీ కోడలు


ఫిబ్రవరి 12

అమ్మాయికి,

తడి తగలాలి, తడవకూడదు. ఈ మాట పట్టుకుని రెండు రోజులు కూర్చున్నాను. జన్మంతా నీళ్ళతోనే పని చేశాను. గొట్టంలో నీళ్ళు ఉంటాయి, లేదా ఉండవు. మధ్యలో ఇంకోటి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

చివరికి ఒక దారి దొరికింది. పొద్దున వేడినీళ్ళు పోసుకునేటప్పుడు బాత్రూం అంతా ఆవిరి పడుతుంది కదా. బుట్టను లోపలికి తీసుకుపోయి అలమర మీద పెట్టుకుంటున్నాను. నేను బయటికి వచ్చాక కూడా కాసేపు దాన్ని అక్కడే ఉంచుతాను. దర్జీ చూసి, "ఏం బాబాయ్, ఇద్దరూ కలిసే పోసుకుంటున్నారా, వీపు ఎవరు రుద్దుతున్నారు?" అన్నాడు. వీధిలో నలుగురికీ చెప్పాడు. చెప్పుకోనీ. అద్దం మీద ఆవిరి పట్టినట్టే ఆకుల మీద సన్నగా పడుతోంది. తడవటం లేదు. తడి తగులుతోంది. ఇదేనా అతను చెప్పింది?

అయినా ఆకులు లేవటం లేదు. ఇంకో ఆకు మొదట్లో పండుతోంది. మొక్కలమ్మే దుకాణానికి బుట్టతో సహా పోయాను. ఆ దుకాణందారు ఆడమనిషి. కళ్ళజోడు పైకి నెట్టి చూసింది.

"ఇది అయిపోయింది తాతా. పారేయండి. పూలున్నది ఇస్తాను, ఇంతకంటే మంచి రంగు."

"నాకు మంచి రంగు అక్కర్లేదు."

"పోనీ ఇదే రంగు ఉంది."

"ఇదే రంగు వేరేది. నేనడిగింది దీన్ని గురించి."

"దీని గురించి చెప్పాను కదా. అయిపోయింది."

డాక్టరు కూడా వాడి గురించి ఇదే మాట అన్నాడు. ఇదే గొంతు. బుట్ట తీసుకుని వచ్చేశాను. ఆవిడ వెనకనుంచి ఏదో మందు సీసా ఇస్తానంది. వినపడనట్టు నడిచాను. చెవుడు ఒక్కోసారి పనికొస్తుంది.

పోయేదైతే పోనివ్వండి అని రాశావు. పోయినదాన్ని పట్టుకుని కూర్చుంటే అని కూడా రాశావు. నువ్వు మొక్క గురించే రాశావో, వాడి గురించి రాశావో నాకు తెలియదు. వాడి గురించి అయితే నాకు నీతులు చెప్పకు. నేను పట్టుకుని కూర్చోకపోతే ఇంకెవరు కూర్చుంటారు?

కొళాయికి, నేనే పిలిపించానని అనుకోండి అని రాశావు. అనుకోవడమేమిటి, నాకు తెలుసు.

ఏదో సంగతి చెప్పాలని రాసి మధ్యలో ఆపావు. ఉద్యోగం పోయిందా? ఒంట్లో బాగా లేదా? ఏదైనా సూటిగా రాయి. సగం విప్పి వదిలేసిన గొట్టం పూర్తిగా విప్పినదానికంటే చెడ్డది.

ఇంకొకటి. ఆ తోటమాలిని ఒకసారి నా దగ్గరికి పంపు. చెబితే నాకు అర్థం కావటం లేదు. చేసి చూపిస్తే చేయగలను. ఒక పూట ఉంటే చాలు. నా మంచం ఇస్తాను, నేను కింద పడుకుంటాను. మంచివాడిలాగే ఉన్నాడు, తన చేతుల్లో నాలుగు చచ్చాయని ఒప్పుకున్నాడు కదా. నేను కోపిష్ఠినని మాత్రం ముందే చెప్పకు.

మామ


ఫిబ్రవరి 21

మామయ్యగారికి నమస్కారం.

ఆయన తోటమాలి కాదు.

ఈ ఒక్క మాట రాయడానికి మూడు కాగితాలు చింపాను. ఆయన మా ఆసుపత్రిలో మందుల స్టోరు చూస్తారు. ల్యాబులో అందరూ పొడుగాయన అంటారు, తలుపు దగ్గర వంగి రావాలి కాబట్టి. వాళ్ళమ్మగారు ఆర్కిడ్లు పెంచేవారట. ఆవిడ పోయాక ఆ మొక్కలన్నీ ఆయన చేతికి వచ్చాయి. నాలుగు చచ్చాయన్నది వాటిలోవే.

ఆయన నన్ను పెళ్ళి చేసుకుంటానని అడిగారు. అడిగి ఏడాది అవుతుంది. పోయిన నెలలో సరేనన్నాను. మార్చి 30న రిజిస్ట్రారు ఆఫీసులో. హడావిడి ఏమీ లేదు. మూడు సాక్షి సంతకాలు కావాలట. ఆయన వైపునుంచి అన్నా వదినా వస్తున్నారు. నా వైపునుంచి ఎవరూ లేరు. నన్ను పెంచిన పిన్ని, "ఒకసారి చేసి పంపాను, రెండోసారి నాకు చేతకాదు" అంది. మూడో సంతకం ల్యాబులో నా పక్క టేబులావిడ పెడుతుంది.

మొక్క ఎందుకు పంపానో మీరు మొదటి ఉత్తరంలోనే అడగకుండా అడిగారు. వెలుతురు లేదన్నాను. అది నిజమే, కాని పూర్తి నిజం కాదు. దాన్ని తన ఇంటికి తెస్తే బతికిస్తానని ఆయన అన్నారు. ఆయన కిటికీ నిండా అవే మొక్కలు, అన్నీ పూసి ఉన్నాయి. సంచీలో పెట్టుకుని గుమ్మం వరకు వెళ్ళాను. మీ అబ్బాయి మొక్కను అక్కడ, వాటి మధ్య పెట్టడానికి నాకు మనసు రాలేదు. వెనక్కి వచ్చి అట్టపెట్టె వెతికి మీకు పంపాను. తెలిసినాయన ఎదురుగా ఉండగా తెలియని మీ చేతుల్లో పెట్టాను. అది ఇలా అయిందంటే అందులో మీ తప్పు సగమే.

మీ అనుమతి అడుగుతున్నానా అంటే, ఏమో. వేరేవాళ్ళు చెప్పకముందు నేనే చెప్పాలని మాత్రం అనుకున్నాను. మిమ్మల్ని చూడటానికి వస్తానని ఆయన అంటున్నారు. నేనే ఆపాను. మీరు ఒక్క మాట రాస్తే పంపుతాను.

పోనివ్వండి అని రాసింది మొక్క గురించే. ఇంకెవరి గురించీ నేను అలా అనను.

మీ కోడలు


మార్చి 2

అమ్మాయికి,

నీ కాగితం అందింది. మొక్క అలాగే ఉంది.

మామ


మార్చి 10

గౌరవనీయులకు,

మీ ఉత్తరం అందింది. ఉత్తరం అనవచ్చో లేదో.

ఇంత కోపం వస్తుందని తెలుసు. కోపం వస్తే తిడతారనుకున్నాను. ఎప్పుడో కారిన కొళాయికి పేజీ నింపి రాసిన మనిషి, దీనికి ఒక్క తిట్టు కూడా రాయలేదు. అక్షరాలు కూడా మీవిలా లేవు. ఒక్కొక్కటీ పక్కకు పడిపోయినట్టున్నాయి. అంత విసుగ్గా రాశారా?

ఆయన ఆ కాగితం చూసి, "పెద్దాయన బాధపడ్డారు, మనం తేదీ వెనక్కి జరుపుదాం" అన్నారు. వద్దన్నాను. జరిపితే ఏమవుతుంది? ఏప్రిల్లో బాధపడతారు.

ఇకమీద మిమ్మల్ని మామయ్యగారూ అని పిలవవచ్చో లేదో నాకు తెలియటం లేదు. పిలవకూడదనిపిస్తే ఊరుకుంటాను. అందుకే పైన అలా రాశాను, మర్యాద తప్పకూడదని. మొక్కను మీరు ఏం చేసినా నేను అడగను. పారేస్తే పారేశానని కూడా రాయక్కర్లేదు.

వేడినీళ్ళు మోసేటప్పుడు జాగ్రత్త. నేల జారుతుంది.

ఇట్లు,
నేను


మార్చి 17

అమ్మాయికి,

గౌరవనీయులకు అని రాశావు. నాకు అలా రాసేది నీటి సరఫరా ఆఫీసు ఒక్కటే. అదీ బిల్లు కట్టనప్పుడు.

ముందు ఆ ఒక్క లైను సంగతి. నీ ఉత్తరం రావడానికి ముందురోజే బాత్రూంలో జారాను. బుట్ట చేతిలో ఉంది. పడుతూ బుట్టను పైకెత్తి పట్టుకున్నాను. బుట్ట బతికింది, కుడి మణికట్టు బతకలేదు. కట్టు వేశారు. నీ కాగితం వచ్చాక దర్జీ, "నువ్వు చెప్పు బాబాయ్, నేను రాస్తాను" అన్నాడు. నీ సంగతి దర్జీ నోట్లో పడటం నాకు ఇష్టం లేదు. అతను మంచివాడే, కాని అతని నోరు కట్టుబడి ఉండేది గుండుసూదులు పెట్టుకున్నప్పుడే. అందుకని ఎడమ చేత్తో నేనే రాశాను. ఆ ఒక్క లైనుకే చెమటలు పట్టాయి. విసుగు కాదు. ఈ ఉత్తరం కట్టు ఉన్న కుడిచేత్తోనే, కొంచెం కొంచెంగా రాస్తున్నాను. ఆపిన చోట సిరా మారి ఉంటుంది, చూడు.

నేల జారుతుందని నువ్వు రాశావని చెబితే దర్జీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

కోపం రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. కొన్నాళ్ళు అన్నం సహించలేదు. నువ్వు చేసుకోకూడదని కాదు. ఒంటరిగా గోడకేసి చూస్తూ ఆ గదిలో ఉండమని నేనెప్పుడూ అనలేదు. మరి కోపం ఎవరి మీద అంటే నాకు తెలియదు. అతని మీద కాదు, ఏడాది ఆగినవాడి మీద ఏం కోపం. నీ మీదా కాదు. కూర్చుంటే వస్తుంది, లేస్తే పోతుంది, మళ్ళీ కూర్చుంటే వస్తుంది. గోడ తడిసిందంటే లోపల ఎక్కడో గొట్టం పగిలిందని తెలుసుకుని తవ్వగలను. ఇది ఎక్కడ తవ్వాలో తెలియటం లేదు.

మొక్క సంగతి. ఒకే ఒక్క ఆకు ఉంది. రెండు వేళ్ళలో ఒకటి ఎండిపోయింది. ఆకు మొదట్లో పచ్చగా ఆవగింజంత ఏదో పొడుచుకొచ్చింది. దర్జీ భూతద్దం పెట్టి చూసి కొత్త వేరన్నాడు. మర్నాడు చూసి కాదన్నాడు. ఆ మర్నాడు చూడనన్నాడు. నేను రోజూ చూస్తున్నాను. పెరిగిందనిపిస్తుంది, పెరగలేదనిపిస్తుంది. కుళ్ళింది కోశాను, చిల్లులు పెట్టాను, గుడ్డ కట్టాను, ఆవిరి పట్టాను. నువ్వు చెప్పింది, అతను చెప్పింది, చెప్పనిది కూడా చేశాను. ఇక నా చేతిలో ఏమీ లేదు. చూస్తూ కూర్చోవడమే మిగిలింది. పానా పట్టి బిగించడానికి లేని పని నాకు ఎప్పుడూ చేతకాలేదు. వాడు ఆసుపత్రిలో ఉన్నప్పుడూ ఇలాగే కూర్చున్నాను. అప్పుడు కూడా ఆ మంచం చక్రాలు వదులుగా ఉంటే బిగించాను. ఇంకేం చేయడానికి లేక.

అతని కిటికీలో పెట్టి ఉంటే ఈపాటికి ఇది పూసి ఉండేదని నాకు అర్థమైంది. అయినా నా దగ్గరికి పంపావు. ఎందుకు పంపావో నువ్వు రాసింది కూడా అర్థమైంది. దాని గురించి నేనేమీ అనను. అతన్ని ఇప్పుడు రావద్దను. కట్టు ఊడాక రమ్మను. కట్టుతో ఉన్న మనిషిని చూసి జాలిపడతాడు, అది నాకు కుదరదు.

ఇప్పుడు అసలు మాట. మూడో సంతకం పక్క టేబులావిడ చేత పెట్టిస్తానని రాశావు. వద్దు. నీ వైపున ఎవరూ లేరని నువ్వు కాగితం మీద రాసి నాకే పంపావు. చదివినవాణ్ణి నేను. నేనెవర్ని? ఆ రోజు కట్టు ఉన్నా సరే, ఎవరు జాలిపడినా సరే, నేను వస్తాను, సంతకం పెడతాను. బస్సులో కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చోగలను. ఆ ఒక్కరోజు మొక్కను దర్జీ చూసుకుంటాడు. నేను వచ్చేసరికి అది ఉంటుందో లేదో ఇద్దరం చెప్పలేం. ఉన్నా లేకపోయినా వస్తాను.

కాని ఒక చిక్కు ఉంది. నోటరీ దగ్గరికి పోయి అడిగాను. సాక్షి సంతకం పక్కన, పెళ్ళికూతురికి ఏమవుతారు అని ఒక గడి ఉంటుందట. అందులో ఏం రాయను? మామ అని రాస్తే ఆ గుమాస్తా నన్ను పొడుగాయన తండ్రి అనుకుంటాడు. పాత మామ అని రాస్తే నాకే బాగాలేదు. తెలిసినవారు అని రాయించాలనుకుంటే మాత్రం ఇప్పుడే చెప్పు, నేను బస్సెక్కను. తండ్రి అని నా అంతట నేను రాయను. నీకు తండ్రి లేడని తెలిసి ఖాళీ కుర్చీలో కూర్చున్నట్టుంటుంది. నువ్వు కూర్చోమంటే అది వేరు.

నీకు నేనేమవుతానో నాకు తెలియక ఈ కాగితం కింద ఏ మాటా పెట్టడం లేదు. నువ్వు చెప్పాక పెడతాను. ఏం రాయమన్నా ఈ చేత్తో నాలుగు రోజులు రాసి చూసుకోవాలి, ఆఫీసులో పదిమంది ముందు వణకకూడదు. కాబట్టి మార్చి ఇరవై ఐదు టపాలో నీ జవాబు నా చేతిలో ఉండాలి. పెద్ద ఉత్తరం అక్కర్లేదు. ఆ ఒక్క మాట చాలు. ఇరవై ఐదు అన్నాను. ఇరవై ఆరు కాదు.